మసకలో కనిపించిన అంచు

దెయ్యాలూ ఆత్మలూ ఉన్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. మా వీధిలో ఎవరికైనా పూనకం వస్తే వెళ్ళి చూసి, అది మనసుకు సంబంధించిన సంగతని విడమర్చి చెప్పి, తిట్లు తిన్నవాణ్ణి. ఏడో తరగతితో బడి మానేసి మగ్గం గుంటలో కూర్చున్నాను గానీ, మా ఊరి శాఖా గ్రంథాలయంలో బీరువాలకు బీరువాలు చదివాను. శరీర శాస్త్రం, ఖగోళం, చరిత్ర, ఏది దొరికితే అది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి మీరు నన్ను వేరే రకం మనిషిని అనుకోకూడదని.

మాది చల్లపల్లి దగ్గర చేనేత కుటుంబం. మగ్గాలు ఆగిపోయాక విజయవాడ వచ్చి గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో కుదిరాను. పోయిన ఏడాది రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. నీలం చీరల కట్ట తీయమంటే నల్లవి తీసిచ్చాను. అదైనా సర్దుకునేవాణ్ణేమో. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఉడికిన సగ్గుబియ్యంలా ఒకదానికొకటి అంటుకుపోయి కనిపించేవి. అది మాత్రం తట్టుకోలేకపోయాను. చదవడం పోతే నాకింక మిగిలేదేమిటి?

డాక్టరుగారు ఆపరేషన్ చేద్దామన్నారు. ఎలా చేస్తారో ఆయన చెప్పక ముందే నాకు తెలుసు. మసకబారిన కటకాన్ని ముక్కలు చేసి తీసేసి, ఆ చోటే కొత్తది కూర్చోబెడతారు. ఇప్పుడు చాలా సులువుగా అయిపోతుందనీ తెలుసు. అంతా తెలిసి కూడా రెండుసార్లు తేదీ తీసుకుని రెండుసార్లూ ఎగ్గొట్టాను. ఒకసారి జలుబన్నాను, ఇంకోసారి షాపులో పని ఉందన్నాను.

"ఇన్ని పుస్తకాలు చదివింది భయపడ్డం నేర్చుకోడానికాండీ?" అంది మా ఆవిడ.

నా భయం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. మా మేనత్త రత్తమ్మ నుంచి వచ్చింది.

అత్తకి చిన్నతనంలోనే భర్త పోతే మా ఇంట్లోనే ఉండిపోయింది. నేను బడికి వెళ్ళే రోజుల్లో ఏదో శిబిరంలో ఆమె కంటికి ఆపరేషన్ చేశారు. కన్ను చీము పట్టి పోయింది. ఆ భయంతో రెండో కంటిని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అదీ మెల్లగా తెల్లబడిపోయింది. ఆ తర్వాత బతికినంతకాలం చేతి తడుముడు మీదే మగ్గానికి కావలసిన కండెలకు నూలు చుట్టింది.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా నేత నేర్చుకున్నవాడి మొదటి చీర అమ్మరు. ఇంట్లో పెద్ద ఆడమనిషికి పెడతారు. నా మొదటి చీర అత్తకి వచ్చింది. గంధం రంగు చీర, పచ్చ అంచు, అంచులో రుద్రాక్షల వరస. ఒకచోట నేను తప్పు నేశాను, రెండు రుద్రాక్షలు అతుక్కుపోయాయి. అత్త అంచు పొడుగునా వేలు పోనిస్తూ సరిగ్గా అక్కడ ఆగి నవ్వింది.

"ఇక్కడ నిద్రపోయావురా అబ్బాయ్. ఇంతకీ అంచు ఏం రంగు?"

"ఆకుపచ్చత్తా," అన్నాను.

తను పోతే ఆ చీరే కట్టి పంపమంది. అలాగే పంపాం. చితి మీద ఆ అంచు సర్దింది నేనే. అంటే ఆ చీర ఇప్పుడు ఎక్కడా లేదు.

మూడోసారి తేదీకి మా ఆవిడ నన్ను దాదాపు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. బీపీ, షుగరు పరీక్షలు అంతకుముందే అయ్యాయి. కంటి మూల నుంచి నీళ్ళు పంపి గొంతులోకి దిగుతున్నాయో లేదో చూశారు. ఇంటి దగ్గర వేసుకోమన్న చుక్కల మందు వేసుకున్నాను. తలంటుకున్నాను, బొట్టు పెట్టుకోలేదు. పొద్దున్నే నర్సు కుడి కనుబొమ్మ పైన తెల్ల ప్లాస్టరు ముక్క అంటించింది, ఆపరేషన్ ఈ కంటికే అని గుర్తుగా. కంటిపాప విప్పారడానికి చుక్కలు వేసి, "కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చోండి బాబాయిగారూ," అంది.

ఎలా కదలకుండా ఉంటాను? కాలు ఊగుతూనే ఉంది. కిటికీ దాకా వెళ్ళాను, వచ్చాను. ప్లాస్టరు అంచు గోరుతో గీకాను. మా ఆవిడ విసుక్కుని, ఇంకెంతసేపో కనుక్కుంటానని కౌంటరు దగ్గరికి వెళ్ళింది. ఆమె వచ్చేలోగా మెట్లు దిగి ఆటో ఎక్కేద్దామని వంగి కుర్చీ కింద చెప్పులు తడుముతున్నాను. హాలంతా పాలు కలిపిన నీళ్ళలా ఉంది. ఎదురుగా కూర్చున్నది ఆడో మగో కూడా తెలియడం లేదు.

పక్క కుర్చీలో ఎవరో కూర్చున్నారు. వంగి ఉన్నాను కాబట్టి నాకు ముందు మనిషి కనిపించలేదు, చీర అంచు కనిపించింది.

పోగు పోగూ విడివిడిగా కనిపించింది. రుద్రాక్షల వరస. రెండు అతుక్కున్న చోట ఒక వేలు ఆగి ఉంది. ఆ వేలు తడమడం లేదు, చూపిస్తోంది. ఆ మనిషి తల వంచి ఆ చోటే చూస్తోంది.

"నువ్వు ఆకుపచ్చ అన్నావు," అంది. "ఇది చిలకపచ్చరా."

తలెత్తాను. అత్త. కళ్ళలో తెల్ల పొర లేదు. నల్లగా, తడిగా, నా వైపే ఉన్నాయి. ఇంతలో నర్సు నా పేరు పిలిచింది. అటు తిరిగి ఇటు చూసేసరికి ఆ కుర్చీ కూడా మిగతా హాలులాగే మసకగా, ఖాళీగా ఉంది.

మా ఆవిడ వచ్చి నిలబడి అటూ ఇటూ చూసింది. "ఎవరండీ ఇక్కడ కూర్చుంది? చీర కొత్తదేమో, గంజి వాసన కూడా పోలేదు."

మా ఆవిడా నేత ఇంటి పిల్లే. మందుల వాసననీ గంజి వాసననీ ఒకటనుకునే మనిషి కాదు.

చెప్పులు అక్కడే వదిలేసి నర్సు చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను. కాలు ఊగడం ఎప్పుడు ఆగిందో తెలియదు. కుడి కన్ను బాగుపడింది. తర్వాత ఎడమదీ చేయించుకున్నాను, ఏ వంకా పెట్టకుండా.

చదవగలిగాక ముందుగా వెళ్ళింది గ్రంథాలయానికే. చూపు మందగించినవాళ్ళకి లేని మనుషులు, బట్టల మీది డిజైన్లతో సహా స్పష్టంగా కనిపించడం ఉందని ఒక వైద్య పుస్తకంలో దొరికింది. చాలా ఊరట కలిగింది. ఆ కిందే, అలా కనిపించేవాళ్ళు మాట్లాడరని కూడా ఉంది. పుస్తకం మూసేశాను.

ఊళ్ళో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేసి, ఎందుకో చెప్పకుండా, ఆ చీర అంచు రంగు గుర్తుందా అని అడిగాను.

"చిలకపచ్చ. నాన్న నూలు రంగులో ముంచుతుంటే నేను పక్కనే ఉన్నా. నీకు చిన్నప్పట్నుంచీ పచ్చలన్నీ ఒకటే కదరా," అని నవ్వాడు.

ఆ రంగు నా బుర్రలోనే ఎక్కడో దాగి ఉందేమో. అంతవరకూ ఒప్పుకుంటాను. మరి గంజి వాసన మా ఆవిడకి ఎలా వచ్చింది? చిలకపచ్చ అంచు చీరలు షాపుకి వచ్చినప్పుడల్లా కట్ట విప్పి అంచు మీద వేలు పోనిస్తాను. ఎందుకని అడిగితే చెప్పలేను. ఇప్పుడు ఎంత చిన్న అక్షరాలైనా చదువుతున్నాను. కానీ ఆ రోజు, ఆ పాడైన కళ్ళతో ఆ అంచుని చూసినంత స్పష్టంగా, ఈ బాగైన కళ్ళతో ఇంతవరకూ దేన్నీ చూడలేదు.