లోపల ఏముంది?

వీధిలో అందరూ ఆమెను రిపేరు పిన్ని అంటారు. జనం పారేసిన కంప్యూటర్లు తెచ్చి, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి మళ్లీ ప్రాణం పోస్తుంది. కొత్తరకం యంత్రాలంటే మాత్రం ఆమెకు ఒళ్లుమంట. తయారీవాళ్ల ముద్ర లేని సిస్టమ్‌ను అవి గడప తొక్కనివ్వవు. "యంత్రం మనది, పెత్తనం వాళ్లదా!" అని పళ్లు నూరుతూ, సెట్టింగుల్లోకి దూరి ఆ తాళం తీసేస్తుంది.

నోరు ఎంత పెద్దదైనా పనిలో ఆమెకొక పద్ధతి ఉంది. ఎవరు వచ్చినా ముందు "లోపల ఏముంది?" అని అడుగుతుంది. ఉన్నదంతా వేరేచోట దాచాకే చెయ్యి వేస్తుంది.

ఆ రోజు వచ్చింది సొంత అక్క. చెవిటి పిల్లలకు టీచరు. ఇదివరకు పనిచేసిన, ఎప్పుడో మూతబడిన స్కూలువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందట. అక్కను కొత్తగా అడిగేదేముంది? పిన్ని నేరుగా తాళం తీసేసింది. తెర నీలంగా మారి, డిస్కు తెరవాలంటే పొడవాటి రహస్య సంఖ్య కావాలంది.

"నాకెవరూ ఏ నంబరూ ఇవ్వలేదే!" అంది అక్క. "నా సైగల వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. మాటకో సైగ చొప్పున ఏళ్లతరబడి తీశాను. సోమవారం నుంచి పిల్లలకు పాఠాలు అవే."

కంగారులో పిన్ని చేతులు అలవాటైన దారి పట్టాయి. యంత్రం మొండికేస్తే భద్రతా చిప్‌ను తుడిచేయడం ఆమెకు మామూలే. ఖాళీ యంత్రాలకు దాంతో నష్టం లేదు. తుడిచెయ్యమంటావా, వద్దా అని తెర అడిగింది. వేలు మీట మీదికి వెళ్లిపోయింది.

"ఆగవే! అదేం అడుగుతోందో చూడు!" అక్క అరిచింది.

అప్పుడు చదివింది పిన్ని. డిస్కు తాళంచెవి ఆ చిప్‌లోనే ఉంది. నొక్కితే దేవుడు దిగివచ్చినా వీడియోలు తిరిగి రావు. తను తాళం తీయబట్టే చిప్ ఆ చెవిని ఇవ్వడం లేదని తట్టింది. వద్దని చెప్పి వెనక్కి వెళ్లి, ఇన్నాళ్లూ తిట్టిపోసిన ఆ తాళాన్ని తన చేత్తోనే మళ్లీ వేసింది.

యంత్రం తాపీగా మేలుకుంది. ఈసారి ఏ నంబరూ అడగలేదు. అక్క ఒక వీడియో తెరిచింది. తెర మీద ఆమె చేతులు కదిలాయి.

అన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాక పిన్ని తలెత్తింది. "తిట్టక్కా. ముక్కూమొహం తెలియనివాళ్లను అడుగుతాను, నిన్ను అడగలేదు."

అక్క తిట్టలేదు. చేత్తో ఏదో సైగ చేసింది. పిన్నికి ముక్క అర్థం కాలేదు. అక్క జీవితమంతా చేసిన పనిలో తనకు ఒక్క సైగ కూడా రాదని తెలిసి సిగ్గేసింది.

"అంటే ఏంటక్కా?"

"నువ్వు ఆ మాట అడగడం ఇదే మొదటిసారి," అంది అక్క.