కాదనేవాళ్లు కావలెను

ఆ రోజుల్లో డిగ్రీ చదివే ఆడపిల్లకు ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలుసని నేను గట్టిగా నమ్మేదాన్ని (ఇంట్లోవాళ్లు నమ్మేవాళ్లు కాదు, అది వేరే సంగతి). ఖమ్మంలో హాస్టల్లో ఉండి బీఏ రెండో ఏడు చదువుతున్నాను. భద్రాచలంలో ఒక ఆఫీసులో అటెండరుగా పనిచేసే మా నాన్న అప్పటికే నా కోసం టైపు ఇన్‌స్టిట్యూట్ చూసిపెట్టాడు. "కథలు చదివితే కొలువొస్తదా? కాలేజీల ఏదో సదస్సున్నదన్నవ్ కదా, వచ్చి వింట. నువ్వు చదివింది మంచిగనిపిస్తే మూడో ఏడు, లేకుంటే టైపు" అని తేల్చేశాడు. ఆ సదస్సులో మా తరగతి నుంచి ఒక్కరే వ్యాసం చదవాలి. ఆ ఒక్కరెవరో చెప్పాల్సింది మా తెలుగు సారు.

ఆయనకు మేం పెట్టుకున్న పేరు ‘కాదంటే సారు’. ఇరవై పేజీలు రాసుకెళ్లినా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేవాడు. "నువ్వు చెప్పదలచుకున్నది ఒక్క వాక్యంలో చెప్పు. దాన్ని కాదనే మనిషుండాలి. ఆ మనిషికి కథలోంచే జవాబు చూపించాలి" అనేవాడు. వ్యాసం రాయాల్సిన కథ మా వాచకంలోదే, చిన్నది. ఒక అన్న తన బావి నీళ్లు ఊరందరికీ ఇస్తాడు, తనతో పదేళ్లుగా మాటల్లేని తమ్ముడికి తప్ప. తమ్ముడు చావుబతుకుల్లో ఉన్నాడని విని కడవ భుజాన పెట్టుకుని పరుగెత్తుతాడు. దారిలో కాలు జారి నీళ్లన్నీ ఒలికిపోతాయి. ఒట్టి కడవతోనే తమ్ముడి ముందు నిలబడతాడు. ‘ఇది అన్నదమ్ముల అనుబంధాన్ని చాటే చక్కని కథ’ అని రాశాను. సారు కాగితం తిరిగిచ్చేసి, "శనివారం ఇంటికి పోతావుగా, బస్సులో చెప్పి చూడు. ఒక్కరైనా కాదంటే నా దగ్గరికి రా" అని నవ్వాడు. నేను నిజంగానే చెప్పాను (ఆ వయసులో గురువు మీద గురి ఎక్కువ, బుర్ర కొంచెం తక్కువ).

బస్సు ఖమ్మం దాటగానే కండక్టరుకు కథంతా చెప్పి నా వాక్యం వినిపించాను. "అవ్, మంచి కథ" అని టికెట్ కొట్టి ముందుకెళ్లిపోయాడు. ముందు సీటు అవునంది, వెనక సీటు అవునంది. కొత్తగూడెం దాకా కాదనే పుణ్యాత్ముడు ఒక్కడూ దొరకలేదు. తర్వాతి శనివారం అదే బస్సు కసిగా ఎక్కి, మళ్లీ కథంతా చెప్పాను. ‘అన్న దుర్మార్గుడు, నీళ్లు కావాలనే ఒలకబోశాడు!’ అన్నాను. బస్సంతా నా మీదికి లేచింది. డ్రైవరు కూడా వెనక్కి తిరిగి కేకలేశాడు. గెలిచానని మురిసేలోపే కండక్టరు చెయ్యి చాపాడు. "గట్లని కథల ఎక్కడున్నది? బుక్కు తియ్యి, చూపెట్టు!" చూపెట్టడానికేమీ లేదు. పాల్వంచ దాటాక కిటికీలోంచి అడవిని చూస్తూ ముఖం దాచుకున్నాను.

మూడో శనివారం నా దగ్గర వాక్యమే లేదు. సోమవారం సారుకివ్వాలి. నా వాలకం చూసి కండక్టరే కథను మళ్లీ బస్సు ముందు పెట్టాడు. చీపురుకట్టల మోపు పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ అంతా విని, "నిండు కడవుంటే గుమ్మంల దించి పోయేటోడు బిడ్డా. చేతుల ఏం లేకనే కదా నోరు తెరిచిండు" అంది. గబగబా పుస్తకం తీశాను. కథ మొత్తంలో అన్న తమ్ముడితో మాట్లాడిన మాట ఒక్కటే, అదీ చివర్లో: ‘నీళ్లు ఒలికిపోయాయిరా.’ ఆ తర్వాత ఎన్నో విమర్శలు చదివాను గానీ, ఆ అవ్వకు పెట్టినంత పెద్ద దండం ఎవరికీ పెట్టలేదు. సోమవారం పొద్దున సారు నా కొత్త వాక్యం చదివాడు: ‘నీళ్లు ఒలికిపోబట్టే అన్న మాట్లాడగలిగాడు, కడవ నిండుగా ఉంటే మాట్లాడేవాడు కాదు.’ రెండోసారి చదివి, "నేను కాదంటాను. రా, కూర్చో" అని తన ఎదురుగా కుర్చీ చూపించాడు. నాకు ఆ కుర్చీయే సింహాసనం.

సదస్సులో వ్యాసం చదివి తలెత్తేసరికి వెనక వరసలో నాన్న లేచి నిలబడి ఉన్నాడు. "నేనొప్పుకోను! తమ్ముడు మంచంల ఉంటే ఏ అన్నకైనా నోరాగుతదా? కడవ నిండుగున్నా మాట్లాడేటోడే!" హాలంతా నవ్వింది. ఇక టైపే అనుకున్నాను. సారు మాత్రం చేతులు జోడించి, "అయ్యా, తమరి కోసమే చూస్తున్నాం" అన్నాడు. నాన్న ఆ సాయంత్రం భద్రాచలం బస్సులో గోదావరి వంతెన వచ్చేదాకా నాతో వాదించాడు. మర్నాడు అన్నం దగ్గరా వదల్లేదు. టైపు మాట మళ్లీ ఎత్తలేదు. తగువు తేలకుండా నన్ను చదువు మాన్పించడం ఆయనకు ఇష్టం లేదు. మూడో ఏడు ఫీజు కట్టి వచ్చిన రోజు కూడా, "అయినా నువ్వన్నది తప్పే" అన్నాడు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఈమధ్య ఆ కథ మళ్లీ చదివితే ఆయన మాటే నిజమేమో అనిపించింది. అంత తెలివైనదాన్ననుకున్న ఆ అమ్మాయిని చూసి నవ్వొచ్చింది, ఆయనకు చెప్పాలనీ అనిపించింది. చెబితే మాత్రం, "గట్లెట్లయితది బిడ్డా?" అని వెంటనే సదస్సులో నేను చదివిన పాత వాక్యం వైపుకే తిరిగి, మళ్లీ నాతో తగువుకు దిగేవాడు.