తోడికోడళ్ల టెలిస్కోపు

మొదటి టెలిస్కోపు ఇంటికి తెచ్చింది పెద్దకోడలు. ఆవిడ బట్టలు సరిచేసి కుట్టే దుకాణంలో పనిచేసేది. ఆ పక్కనే ఉన్న పాత సామాన్ల కొట్టుకి కుర్చీ కొందామని వెళ్లి, సన్నటి తెల్ల గొట్టం ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది.

"కుర్చీ ఏదక్కా?" అంది చిన్నకోడలు.

"కూచుని చేసే పని ముందు తెచ్చాను. కుర్చీ సంగతి తర్వాత చూద్దాం."

ఆ టెలిస్కోపు స్టాండుకి ఒక కాలు వదులు. పెద్దకోడలు గుడ్డసంచి కుట్టి, ఇసక నింపి, స్టాండు మధ్యలో వేలాడదీసింది. ఊగడం ఆగింది. కింది వాటాలో పెద్దకోడలు, పై వాటాలో చిన్నకోడలు, ఆ పైన డాబా. వంటగది సర్దుకుని, అన్నదమ్ములిద్దర్నీ టీవీకి అప్పగించి, ఈ ఇద్దరూ డాబా ఎక్కేవాళ్లు. పెద్దకోడలు పొట్టి పీట మీద కూచుని, సీసా అడుగంత మందం కళ్లజోడుతోనే కన్ను ఆనించి, ఫోకస్ మర అటూ ఇటూ తిప్పి, "ఆఁ, దొరికింది" అనేది. తర్వాత చిన్నకోడలు కూచుని ఆ మర మళ్లీ తన కంటికి తగ్గట్టు తిప్పుకునేది. చంద్రుడి మీద గుంటలూ, గురుగ్రహం పక్కన చుక్కల్లా ఉపగ్రహాలూ, శనిగ్రహానికి చెవుల్లాంటి వలయం, అన్నీ అందులోనే చూశారు. ఊళ్లోవాళ్ల కబుర్లు కూడా అక్కడే అయిపోయేవి.

చిన్నకోడలు పళ్ల డాక్టరుగారి ల్యాబులో కట్టుడు పళ్లు చేసేది. మైనం, ప్లాస్టరు, చిన్న చిన్న ఆకురాళ్లతో పని. చేసే పనిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకునే మనిషి కాదు. అదే పట్టుదల టెలిస్కోపు మీదికి మళ్లింది. ఫోన్లో ఆకాశం చూసేవాళ్ల గుంపుల్లో చేరింది. పెద్ద అద్దం ఉంటే ఎక్కువ వెలుగు పడుతుందనీ, మసక మసగ్గా ఉండే గెలాక్సీలు కూడా కనబడతాయనీ చదివింది. ఇక ఆ తెల్ల గొట్టం ఆమె కంటికి ఆనలేదు.

"మనకిది చాలదూ?" అంది పెద్దకోడలు.

"ఇది పిల్లలు ఆడుకునేదక్కా. అసలు ఆకాశం ఇందులో ఎక్కడుంది?"

ఆ మాట అన్నాక అక్క మొహం ఎలా ఉందో ఆమె చూడలేదు. పాతదాన్ని ఎవరో రిటైరైన లెక్చరరమ్మకి అమ్మేసింది. "అమ్మేద్దామా?" అని అడగలేదు. "అమ్మేశానక్కా" అని చెప్పింది, అంతే.

కొత్తది వచ్చింది. డ్రమ్ములాంటి గొట్టం, అడుగున పళ్లెమంత అద్దం, చెక్కపెట్టె మీద గుండ్రంగా తిరిగే ఏర్పాటు. దానితోపాటు కంటి దగ్గర పెట్టుకునే కటకం ఒకటి విడిగా తెప్పించింది. చూసే రంధ్రం చిక్కుడుగింజంత. గ్రహాన్ని బాగా పెద్దది చేసి చూపిస్తుంది కానీ, కనురెప్పలు తగిలేంత దగ్గరగా కన్ను పెట్టాలి. కళ్లజోడు లేని చిన్నకోడలికి అదేం ఇబ్బంది కాలేదు. మొదటిసారి శనిగ్రహం వలయంలో నల్లగీత కనబడితే గట్టిగా అరిచేసింది. కింద కుక్క మొరిగింది.

పెద్దకోడలు కూడా చూసింది. కూచోడానికి మరీ ఎత్తు, నిలబడితే మరీ కిందికి. నడుం సగం వంచి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టి, మర మీద చెయ్యి వేయబోయింది.

"అక్కా, ముట్టుకోకు! నేను సరిచేసి పెట్టాను. కదిలితే గ్రహం పోతుంది."

పెద్దకోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. "బాగుందే" అంది.

ఆ తర్వాత ఓ రోజు చిన్నకోడలు ల్యాబువాళ్లందర్నీ సాయంత్రం డాబా మీదికి పిలిచింది. డాక్టరుగారూ, భార్యా వచ్చారు. కాఫీలు అందించాక, అందరికన్నా ముందు పెద్దకోడల్నే చూడమన్నారు. ఆవిడ వంగి చూసి, "అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో" అని పక్కకి తప్పుకుంది. తర్వాత వంగిన డాక్టరుగారి భార్య, "ఏమీ లేదే? అంతా నలుపు" అంది.

భూమి తిరుగుతూనే ఉంటుంది కదా, గ్రహం ఎప్పుడో గొట్టం ముందునుంచి జరిగిపోయింది. మాటల్లో పడి చిన్నకోడలు చూసుకోలేదు. తప్పు ఆమెదే. కానీ అంతమంది ముందు ఆ మాట ఒప్పుకోవడానికి నోరు రాలేదు. నవ్వేసి, "మరి నువ్వేం చూశావక్కా? చీకటిని చూసి కూడా మెచ్చుకునేది మా అక్క ఒక్కతే!" అంది.

అందరూ ఫక్కుమన్నారు. పెద్దకోడలు కూడా నవ్వింది. కాఫీ గ్లాసులు ఏరుకుని, "పొయ్యి మీద పాలున్నాయి" అంటూ మెట్లు దిగింది. మళ్లీ పైకి రాలేదు.

ఆరోజు ఒక్కటే కాదు, ఆ తర్వాత కూడా రాలేదు. పిలిస్తే, "మోకాళ్లు లాగుతున్నాయే" అనేది. చిన్నకోడలు నమ్మింది. నమ్మడం తనకీ సుఖంగానే ఉంది. ఆ సంగతి తర్వాత ఎప్పుడు తల్చుకున్నా ఆమెకి ఒళ్లు మండేది, తన మీదే.

నిజం చెప్పింది బావగారు. ఆయన మనసులో ఏదీ దాచుకునే మనిషి కాదు. ఓ సాయంత్రం గేటుకి నూనె వేస్తూ, మాటవరసకి అన్నాడు: "మీ అక్క ఆ కొత్తదాంట్లో ఒక్కసారీ ఏమీ చూడలేదమ్మా."

"అదేంటి బావగారూ? బాగుందని ఎన్నిసార్లు అందో!"

"కళ్లజోడు పెట్టుకుంటే కన్ను దగ్గరికి చేరదట. తీస్తే అంతా పిండిముద్దలాగా కనబడుతుందట. మర తిప్పుదామంటే నువ్వు వద్దన్నావట."

"మరి నాతో చెప్పొచ్చు కదా?"

"అంత సంబరపడి తెచ్చుకున్నావు, ఎలా చెప్తుంది?"

చిన్నకోడలికి తల తీసేసినట్టయింది. పైకి వెళ్లి, భర్త చదువుకునే కళ్లజోడు పెట్టుకుని ఆ రంధ్రంలో చూసింది. తాళంకప్ప రంధ్రంలోంచి గదిలోకి తొంగిచూసినట్టుంది. ముక్కూమొహం తెలియని వాళ్ల చిగుళ్ల అచ్చులకి మైనం అద్ది కొలతలు తీసే తనకి, ఒకే పీట మీద కూచున్న మనిషి కళ్ల సంగతి పట్టలేదు.

పాతది వెనక్కి తెచ్చేద్దామనుకుంది. లెక్చరరమ్మ ఇంటికి వెళ్లింది. టెలిస్కోపు కిటికీ దగ్గర ఉంది, ఇసక సంచీతో సహా. లెక్చరరమ్మ మంచినీళ్లిచ్చి, "మా ఆయన మంచం దిగలేరు. పక్క మీంచే చంద్రుణ్ణి చూస్తారు. ఎంత మంచి వస్తువు ఇచ్చారండీ! అవునూ, ఏదైనా పనుండి వచ్చారా?" అంది.

"ఈ పక్కకి వచ్చాను, ఎలా ఉందో చూసి పోదామని" అంది చిన్నకోడలు. లోపలి గదిలోంచి ముసలాయన చెయ్యెత్తి దణ్ణం పెడితే, ఆ దణ్ణం ఎలా తీసుకోవాలో తెలియక గుమ్మంలోనే తడబడింది.

ఇంటికొచ్చి నేరుగా కింది వాటాలోకి వెళ్లింది. పెద్దకోడలు ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతోంది.

"అక్కా, ఆరోజు గ్రహం జరిగిపోవడం నా తప్పు. నీ మీదికి తోసేశాను."

పెద్దకోడలు తలెత్తలేదు. "తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"అందరిలో నిన్ను తగ్గించమంటావా?" దారం కొరికి తెంపింది. "నువ్వు నవ్వినందుకు బాధ లేదే. నేను అబద్ధం చెప్పి దొరికిపోయాను చూడు, అది. బాగుందని ఎందుకన్నానో నాకే సిగ్గేసింది."

తను చేసిన పనికి అక్క కూడా సిగ్గుపడుతూ ఉందని అప్పటిదాకా చిన్నకోడలికి తట్టనే లేదు.

చిన్న రంధ్రం కటకం తీసేసి, కళ్లజోడుతో చూడగలిగే వెడల్పాటిది తెచ్చింది. నడుం వంచక్కర్లేకుండా ఎత్తు మార్చుకునే స్టూలు కూడా. బతిమాలగా బతిమాలగా పెద్దకోడలు పైకొచ్చింది. కూచుంది. చిన్నకోడలు చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. పెద్దకోడలు తనే మర తిప్పుకుంది. చాలాసేపు చూసింది.

"కనబడుతోంది. కానీ పాతదే నయం. దీంతో గింజుకోవాల్సి వస్తోంది."

"అలాగా" అంది చిన్నకోడలు. మొహం కందిపోయింది, కానీ ఎదురు చెప్పలేదు.

తర్వాతి సెలవురోజున, అక్కకి నచ్చింది కొందామని, ఇద్దరూ టెలిస్కోపుల దుకాణానికి వెళ్లారు. పెద్దకోడలు ఒక్కోదానికీ కళ్లజోడుతో కన్ను ఆనించి, కిటికీలోంచి ఎదుటి మేడ మీది నీళ్ల ట్యాంకుని చూస్తూ, దుకాణం అతను వివరాలు చదువుతుంటే, "ఉండు నాయనా, చూడనీ" అంటూ ఆపింది. చివరికి కురచగా, బొద్దుగా ఉన్న ఒకటి పట్టుకుంది. అద్దం చిన్నది. చిన్నకోడలైతే దానివైపు తిరిగి కూడా చూసేది కాదు.

"ఏమంటావే?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు అక్క చేతిసంచీ మోస్తూ వెనక నిలబడి ఉంది. నోటిదాకా వచ్చిన మాటని మింగేసి, "నువ్వు చెప్పక్కా" అంది.