దేవుని పిడికెడు

మా మేనత్త మొన్న శుక్రవారం ప్రభువునందు నిద్రించిందని సంఘం నుంచి కబురు వచ్చింది. పోయిందంటే సరిపోయేది. నిద్రపోయే తీరిక ఆమెకు ఏనాడూ లేదు.

యాడికి దగ్గర మా ఊళ్లో ఆమె బైబిలమ్మ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పడం, పాటలు నేర్పడం ఆమె పని. నేను బియ్యే దాకా చదివానంటే, మొదటి అక్షరం ఆమె పాటల పుస్తకంలో వేలు పెట్టి చూపిందే.

మా ఇళ్లలో ఆడవాళ్లు ఎసట్లో కొర్రలు పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండలు గుడికి మోసుకుపోతారు. "తినేదాంట్లోనుంచి తియ్యల్ల పాపా, మిగిలినదాంట్లోనుంచి కాదు," అనేది అత్త. మాకు మిగిలిందెప్పుడని!

ఆ కరువేడు శెనక్కాయ చేలోనే మాడిపోయింది. అయినా దేవుని కుండలు నిండాయి. ఆ కొర్రలమ్మి గుడికి గంటగోపురం కట్టాలని సంఘపెద్ద తీర్మానించాడు. అత్త కుండలన్నీ గుడి వాకిట్లోకి తెచ్చి పొయ్యి పెట్టింది. మావాళ్లకే కాదు, పక్కూరి గొర్రెలకాపరులకూ అంబలి పోసింది.

"అది దేవుని సొత్తక్కా! తాకొద్దు!" సంఘపెద్ద అరిచాడు.

"దేవునికి పొయ్యి యాడుండాదప్పా? ఆకలైతాందని నీతో ఏమన్నా చెప్పినాడా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుకే ఆమె పని పోయింది. గోపురం మరుసటేడు లేచింది. అత్త కూలికి పోతూ కూడా పిడికెడు తీయడం మానలేదు. గుడికి మాత్రం ఇవ్వలేదు. పొయ్యి వెలగని ఇల్లు చూసి ఇచ్చింది.

సమాధి దగ్గర అదే సంఘపెద్ద గోపురం వైపు చెయ్యి చాపి, "మన అక్క పిడికెడు పిడికెడు కూడబెట్టి కట్టిన గోపురమిది," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బతికుండగా కూడు లాక్కున్నారు, పోయాక ఆమె మాట కూడా లాక్కుంటారా?

"అబద్ధం!" అన్నాను.

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈడ వద్దు పాపా."

ఇంకెక్కడ చెప్పాలి? అందుకే రాస్తున్నాను.

మావాళ్లు వరసగా పెట్టె మీద పిడికెడు మన్ను వేశారు. ఆనాడు అంబలి తాగిన కాపరుల ముసలమ్మ ఒకామె వచ్చింది. మా పద్ధతి ఆమెకు తెలియదు. పిడికిళ్లు చూసింది, కొంగుముడి విప్పి కొర్రలు వేసింది.

"మన్నెయ్యమ్మా, మన్ను! గింజలు కాదు," సంఘపెద్ద కసిరాడు.

"ఆయమ్మ నాకు మన్ను పెట్టలేదు సామీ."

పార పట్టుకున్నవాడు ఆగిపోయాడు. నల్లటి పెట్టె మీద ఆ పసుప్పచ్చటి గింజలు కాసేపు ఎండకు మెరుస్తూ ఉండిపోయాయి.