పొయ్యి కింది అక్షరాలు

ఏడో తరగతిలో బడికీ నాకూ పడలేదు, ఇద్దరం మర్యాదగా విడిపోయాం. ఆ తర్వాత నాకు దొరికిన ఒకే ఒక మాస్టారు నా ఆటో వెనక సీట్లో కూర్చునేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌కి రోజూ నా బండిలోనే వెళ్ళే రిటైర్డ్ జియాలజీ లెక్చరర్ ఆయన. ఆయనది కోస్తా, మాది నల్లగొండ పల్లె. తెలంగాణ ఉద్యమం వేడి మీదున్న ఆ రోజుల్లో మా ఇద్దరి కబుర్లు విని పక్క ఆటోవాళ్ళు నన్ను ఎగాదిగా చూసేవాళ్ళు.

అల్మాస్‌గూడ దాటాక ఒక గుట్ట, గుట్ట మీద చిన్న గుడి. సెలవు దొరికితే సార్‌ని అక్కడికే తీసుకుపోయేవాణ్ణి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుండ్లను రాక్షసులు పేర్చారని మా నాయనమ్మ చెప్పేది. ఎవరూ పేర్చలేదని సార్ అనేవారు. భూమి లోపల ఒకే ముద్దగా గట్టిపడిన రాయి అట. వాననీళ్ళు పగుళ్ళలోకి దిగి, కోట్ల ఏళ్ళపాటు మూలలు కొరికి కొరికి గుండ్రంగా చేశాయట. పైనున్న బరువు పోయేకొద్దీ బండ ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా విడిపోతుందట.

"అంటే మన దేవుడు ఉల్లిగడ్డ మీద కూసున్నడా సార్?"

"అంతేనయ్యా. పొర ఊడిందంటే ఆయనకీ కళ్ళనీళ్ళే."

గుట్ట వెనక సగం అప్పటికే ఒక క్రషర్ నోట్లో పడి కంకరైపోయింది. మిగతా సగానికి కూడా నోరు తెరిచే ఉంది. ఆ ఏడు వానలకి గుడి ముందున్న చదును బండ మీద ఏళ్ళనాటి సున్నం పెచ్చులుగా లేచిపోయి, కింద ఏవో గీతలు బయటపడ్డాయి. కోడి కెలికినట్టుందని నేనన్నాను. సార్ చెప్పులు విడిచి మోకాళ్ళ మీద కూర్చున్నారు. అవి పాత తెలుగు అక్షరాలు, నాలుగు వరుసలు. చేతితో తడితే ఆ పొర కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల బోలుగా మోగింది.

శాసనం ఉందని చూపిస్తే క్రషర్‌ని ఆపించడానికి ఫైలు కదుపుతానని ఒక ఆఫీసరు సార్‌కి మాటిచ్చాడు. ఫోటో తీస్తే సున్నపు మరకలే పడ్డాయి. అందుకని అచ్చు తీయాలి. తడి కాగితాన్ని బండకి అతికించి, బ్రష్‌తో కొట్టి, ఆరుతున్నప్పుడు సిరా అద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. కానీ క్రషర్ నడుస్తుంటే కాగితం మీద వేలెడు దుమ్ము. గుట్ట బతకాలంటే దుమ్ము లేని రోజొకటి కావాలి. బంద్ పిలుపు రాగానే సార్ ముఖం వెలిగింది. ఉద్యమానికి అంత సంతోషించిన కోస్తా మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ పొద్దున ఆటోకి జెండా కట్టాను. "సార్, దారిల మీరు నోరిప్పకుండ్రి. మీ నోట్లకెళ్ళి ఒక్క 'అండీ' ఎళ్ళిందంటే ఇద్దరం పోతం" అన్నాను. ఎల్బీనగర్ చౌరస్తాలో బంద్ చేయిస్తున్నవాళ్ళు ఆపారు. సార్‌కి మౌనవ్రతమనీ, గుట్ట దేవుడికి మొక్కు ఉందనీ చెప్పాను. సార్ కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. సినిమాల్లోకి పోవాల్సిన మనిషి. వదిలేశారు.

గుట్టెక్కి చూస్తే నా కాళ్ళు ఆగిపోయాయి. పైన వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం ఆ రోజుల్లో నిరసన. పోలీసులు హైవే మీద పొయ్యి పెట్టనివ్వకపోతే, గుట్ట కింది కాలనీ ఆడవాళ్ళు గిన్నెలెత్తుకుని పైకొచ్చేశారు. చదునుగా ఉందని గుడి ముందు బండ మీదే మూడు రాళ్ళు పెట్టి మంట వేశారు. సరిగ్గా అక్షరాల పక్కన.

సార్ నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ వేళ్ళు ఇంకా గుర్తే.

గరిటె పట్టుకుని అందరినీ నడిపిస్తున్న ఒక పెద్దక్క దగ్గరికి వెళ్ళాను. "అక్కా, పొయ్యి జర అవతలికి జరపరాదే. పొగంత దేవుని మొకాన పోతున్నది."

"దేవునిక్కూడ తెలంగాణ కావాలె తమ్మీ. దగ్గుకుంట సూస్తడు తియ్" అంది. అందరూ నవ్వారు. అసలు సంగతి చెబుదామంటే, కర్రకి జెండా కట్టుకున్న ఒకతను మా వెనకే నిలబడి, ఈయన నోరిప్పడేంటా అన్నట్టు సార్‌ని కింది నుంచి పైదాకా చూస్తున్నాడు.

అన్నం ఉడికింది. గిన్నె దించారు. వంట కాగానే పొయ్యి మీద నీళ్ళు గుమ్మరించడం మా ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటు. పెద్దక్క బకెట్ ఎత్తింది.

"పోయకండమ్మా! నీళ్ళు పోయకండీ!"

మౌనవ్రతం అక్కడికి సమాప్తం. జెండా అతను ముందుకొచ్చాడు.

"ఓహో, మాటలొచ్చినయ్! ఎవడ్రా నువ్వు? మా పొయ్యి మేం ఆర్పుకునేతందుకు నీ పర్మిషన్ కావాల్నా?"

"అన్నా, సార్ మంచోడే. జర గోదావరి నీళ్ళు ఎక్కువ తాగిండు, గంతే" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా జోకుకి నాకే చెమట పట్టింది.

సార్ కర్ర వైపు చూడలేదు, బకెట్ వైపే చూస్తూ మాట్లాడారు. "అమ్మా, పూర్వం బండల్ని చీల్చింది ఇలాగేనండీ. మంట పెట్టి కాల్చి, చన్నీళ్ళు పోసేవారు. ఇప్పుడు పోస్తే ఈ పొర లేచిపోతుంది. దీని మీద రాత ఉందమ్మా. ఆ క్రషర్ని ఆపగలిగేది ఇదొక్కటే."

"రాతనా? ఏడ?"

సార్ వంటసామానులోంచి గుప్పెడు పసుపు తీసుకుని బండ మీద రుద్దారు. సున్నపు మరకల మధ్య పచ్చగా ఒక అక్షరం లేచింది, పక్కన ఇంకొకటి. పెద్దక్క బకెట్‌తోనే వంగింది. బకెట్ అంచు దాకా నీళ్ళు వచ్చి ఊగుతున్నాయి.

అప్పుడు బండ లోపలి నుంచి 'టక్'మని వినిపించింది. ఎండుకట్టె విరిచినట్టు. అందరూ ఒక్క అడుగు వెనక్కేశారు, కర్రతో సహా.

పెద్దక్క బకెట్ వెనక పెట్టింది. "ఏం చెయ్యాలె సారూ? జల్ది చెప్పు."

"కట్టెలు లాగేసి పొడి మట్టి కప్పండమ్మా. మెల్లగా చల్లారాలి."

ఆడవాళ్ళు కొంగుల్లో మట్టి తెచ్చి పోశారు. జెండా అతను కర్రకున్న జెండా విప్పి భుజాన వేసుకుని, ఆ కర్రతోనే నిప్పులు దూరంగా నెట్టాడు. మట్టి కింద రాయి ఇంకా చిటచిటమంటూనే ఉంది. విస్తళ్ళలో అన్నం పెట్టారు గానీ, చిటుక్కుమన్నప్పుడల్లా అందరి చేతులూ ఆగిపోయాయి.

మధ్యాహ్నం దాటాక మట్టి ఊడ్చారు. పొయ్యి వైపు మూల అరచేతంత పెచ్చు లేచి ఉంది. ముట్టుకోగానే పిండిలా రాలింది. మొదటి వరుసలో సగం పోయింది. సార్ మిగిలింది వేలితో తడుముతూ, ఆగి ఆగి చదివారు. గుడి దీపానికి ఎవరో భూమి ఇచ్చారు. ఇచ్చినవాడి పేరు ఆ మూలతోనే పోయింది. హద్దుల వరుస మిగిలింది. పడమటి గుండ్లన్నీ దేవుడివే అని ఉంది. పడమర అంటే క్రషర్ తింటున్న వైపు.

కాగితం మీద అచ్చు తీసి ఆఫీసరుకి చూపించాలని నేను చెప్పాను. "మల్ల కాగితం తియ్యవేంది?" అంది పెద్దక్క.

కాగితం తడిపి అతికించాం. గాలి లేచింది. ఆడవాళ్ళు చుట్టూ నిలబడి కొంగులు చాపి అడ్డం పెట్టారు. సార్ బ్రష్‌తో కొడుతుంటే ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. సిరా అద్దుతుండగా పొద్దు వాలింది. బంద్ గడువు అయిపోయిందేమో, గుట్ట వెనక క్రషర్ ఒక్కసారి దగ్గి, గరగరమని మొదలైంది. తెల్లటి దుమ్ము లేచి మా వైపే వచ్చింది.

"తియ్యి సారూ, తియ్యి!"

"తడారలేదమ్మా, చిరుగుతుంది."

కొంగులు ఇంకా దగ్గరకొచ్చాయి. జెండా అతను భుజం మీది జెండా తీసి వాటి మధ్య సందుకి అడ్డం పట్టాడు. దుమ్ము అందరి తలల మీదా పడింది. ఆ గుడారం లోపల సార్ తడారేదాకా ఆగి, ఒక మూల పట్టుకుని, కాగితాన్ని బండ నుంచి మెల్లగా, గోరంత గోరంతగా లేపారు.

చిరగలేదు.