బ్యాండు కింద పోయిన గొంతు

నరసరావుపేట లైబ్రరీలో జానపద గేయాల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివేశానని ఆ రోజుల్లో నాకు మహా గర్వం. పదో తరగతి తప్పినవాణ్ని. నా చదువంతా ఆ బల్లల మీద జరిగిందే.

మా వీధి చివర లారీల షెడ్డులో మెకానిక్కు నా స్నేహితుడు. అతని భార్య అలిగి సత్తెనపల్లిలోని పుట్టింటికి వెళ్లి ఏడాది దాటింది. అతనికి రాయడం రాదు, నాచేత రాయించడానికి సిగ్గు. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, షెడ్డు తలుపులు వేసుకుని, టేప్ రికార్డరు ముందు బుల్‌బుల్‌తార మీటుతూ, తను కట్టుకున్న పాటలు పాడాడు. క్యాసెట్టులో ఒక వైపు నిండింది. మాచర్ల రోడ్డులో ఆగిన లారీ కింద పడుకుని ఆమెను తలుచుకోవడం, ఒక్కడికే టీ కాచుకోవడం, అన్నీ ఇలాంటివే.

"ఎట్టుందిరా? చానా చదివినోడివి, నువ్వు బాగుందంటేనే ఆమెకు పంపిస్తా" అన్నాడు.

వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

"ఇది జానపదం కాదు. వంత ఉండాలి, డప్పు ఉండాలి. మధ్యలో దగ్గు కూడా పడింది."

"వినేది ఆమె ఒక్కతే గదరా, వంత ఏందీ?"

"పుస్తకాల్లో అట్లాగే ఉంది."

"సరే పంతులూ, నీ పుస్తకమే కానీ" అని నవ్వాడు.

పెళ్లి బ్యాండు వాళ్లను నేనే పిలిచాను. అదే క్యాసెట్టు మీద, అదే వైపు మళ్లీ పాడించాను. పాతది దాచుకోదగిందని నాకు తోచలేదు. క్లారినెట్టును దాటి వినపడాలని అతను అరిచి పాడాడు.

పంపిన పది రోజులకు ఆమె తమ్ముడు క్యాసెట్టు వెనక్కి తెచ్చి బావకిచ్చాడు.

"అక్క ఒక్క పాట విని కట్టేసింది దుల్హాభాయ్. నన్ను రమ్మంటున్నాడా, ఊరేగుతున్నాడా అంది."

స్నేహితుడు దాన్ని నా చేతిలో పెట్టాడు. "నీ పాటలు నువ్వే ఉంచుకో" అన్నాడు. ఆ తర్వాత నేను షెడ్డుకు వెళ్లినప్పుడల్లా పనుందనేవాడు.

ఇంట్లో చివరిదాకా విన్నాను. బ్యాండు పాటలు కాస్త ముందే అయిపోయాయి. ఆ వెనక పాత పాట సగం మిగిలి ఉంది. బుల్‌బుల్‌తార, అతని గొంతు, ఆ దగ్గు.

క్యాసెట్టు చివరిదాకా ఒక్కసారి వినమ్మా అని ఆమెకు ఇచ్చి రావడానికి సత్తెనపల్లికి బోలెడు బస్సులు. నేను ఎక్కలేదు. వెళ్తే, తప్పు నాదని చెప్పాల్సి వచ్చేది.