అందరి పగడాలూ ఒకరి సంచిలో

అండమాన్ వెళ్లొచ్చినవాళ్లు అక్కడి సముద్రం రంగు గురించి చెబుతారు. నాకు ఆ పేరు వినగానే పడవ అడుగున అటూ ఇటూ పొర్లుతున్న వాంతి గుర్తొస్తుంది. అందులో ఒక గుట్కా ప్యాకెట్టూ, కొరికి వదిలేసిన సమోసా ముక్కా తేలుతుండేవి. వాంతి చేసుకున్నవాడిని నేను తప్పుపట్టను, అల అలాంటిది. అది కాళ్లకి తగలకుండా బల్ల మీదికి కాళ్లు ముడుచుకుని, అక్కడే బిర్యానీ పొట్లాలు విప్పి, తినగా మిగిలింది సముద్రంలోకి విసిరి, "సేపలు తింటాయిలే" అనుకున్నవాళ్లని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. వాళ్లతో రోజూ పక్క బల్ల మీద భోజనం చేస్తాను కాబట్టి అది మరీ కష్టం.

మాది కూర్మన్నపాలెం దగ్గర ఒక చిన్న వర్క్‌షాపు. ఉక్కు ఫ్యాక్టరీకీ, పోర్టులో క్రేన్లకీ విడిభాగాలు చేసి ఇస్తాం. నేను స్టోర్స్ చూస్తాను. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా ద్వారకా నగర్ లైబ్రరీలో చదువుకున్నాను. సెలవు దొరికితే బస్సెక్కి అక్కడికే వెళతాను. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే, ఆ చదువు గురించి నాకు గర్వమే. పెద్ద ఆర్డరు గడువులోపల పూర్తిచేశామని యజమాని మమ్మల్ని, వీలైనవాళ్లని కుటుంబాలతో సహా, అండమాన్ పంపుతున్నారని తెలిసిన రోజు నుంచీ సముద్రం మీద అక్కడ దొరికినవన్నీ తిరగేశాను. పగడపు దిబ్బ రాయి కాదనీ, గింజంతేసి జీవులు తరతరాలుగా కట్టుకుంటూ వస్తున్న ఇళ్లనీ చదివి, అది కళ్లారా చూడబోతున్నానని పొంగిపోయాను. ఒడ్డున పడివున్న చచ్చిన ముక్కనైనా తీసుకుపోవడం నేరమని కూడా అక్కడే చదివాను.

మా ఆఫీసులో బిల్లులు చేసే ఒకామె ఉంది. బీకాం చదివింది. ఆదివారాలు చర్చిలో పాటలు పాడుతుంది, మిగతా రోజులు మమ్మల్ని ఆటపట్టిస్తుంది. నన్ను అన్నయ్యా అంటుంది. ఏడేళ్లుగా కాంట్రాక్టు మీదే పనిచేస్తోంది. ఏటా మార్చి నెలాఖరుకి ఆమె ఉద్యోగం పోతుంది. ఏప్రిల్‌లో ఎప్పుడో మళ్లీ పిలుస్తారు. పిలిచేదాకా ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. ఈసారి మాత్రం, టూరు నుంచి రాగానే నీ పర్మనెంటు ఫైలు పైకి పంపుతానమ్మా అని మేనేజరు అందరి ముందే మాటిచ్చాడు. ఆయనది కృష్ణా జిల్లా. మాట మర్యాదగా, తియ్యగా ఉంటుంది.

మా వాళ్లకి ఒక అలవాటుంది. ఏ టూరుకి వెళ్లినా ఆమె సంచి ఊరుమ్మడి బీరువా. అరకు వెళ్లినా, అన్నవరం వెళ్లినా, ఆవకాయ సీసా, మాత్రలు, తడి తువ్వాలు, ఛార్జర్లు అన్నీ ఆ పెద్ద నీలం సంచిలోకే చేరతాయి. "అక్కా, ఇది కొంచెం ఎట్టవా" అంటే ఆమె కాదనదు. మోసేది కూడా ఆమే.

పగడాలు చూపించడానికి మమ్మల్ని ఒక చిన్న దీవికి తీసుకెళ్లారు. మేం దిగకముందే పడవవాడు హిందీలో రెండుసార్లు చెప్పాడు, నీళ్లలో తేలండి గానీ కింద కాలు పెట్టవద్దని. మొహానికి అద్దం తగిలించుకుని నేను నీళ్లలోకి తల వంచాను. లేత గోధుమరంగు కొమ్మలు, వాటి మధ్య నుంచి పసుపు చారల చేపలు. చదివింది చదివినట్టే నా కళ్ల ముందు ఉంది. ఆ సంతోషం ఎంతోసేపు లేదు. కొమ్మల మీద అద్దెకి తెచ్చుకున్న రబ్బరు బూట్లు రెండు దిగాయి. అవి మేనేజరువి. ఆయన వాటిమీద నిలబడి, నడుము మీద చెయ్యి వేసుకుని ఫోటో తీయించుకున్నాడు. కాళ్ల కింద పెంకు విరిగినట్టు పటపటమంటోంది. తరవాత వంగి, జింక కొమ్ములాంటి కొమ్మనొకదాన్ని అటూ ఇటూ ఊపి విరిచాడు. పైకెత్తితే దానినుంచి చీమిడిలాంటి జిగురు కారుతోంది. ఆయన దాన్ని చొక్కాకి తుడిచి, మంచి షోపీసు అన్నాడు. అది చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు.

ఒడ్డుకొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. అది ప్రాణమున్నదని, తీసుకెళ్లకూడదని చెప్పాను. పగడం ఎర్రగా ఉండాలి కదా, ఇది ఉత్త రాయి, కుజదోషానికి కూడా పనికిరాదు, దీనికి కేసేమిటని నవ్వారు. మా వర్క్‌షాపులో ఫిట్టరొకడు ఉన్నాడు. నన్ను లైబ్రరీ బావ అంటాడు. అప్పటికే వాడి చంకలో పిల్లి తలంత శంఖం ఉంది. అందులో పురుగు ఇంకా కదులుతోంది. ఇసుక గురించి కూడా మీ పుస్తకంలో ఉందా అని అడిగాడు. ఉందని చెప్పాను. చిలకముక్కులాంటి నోరున్న చేప పగడాన్ని కొరికి తిని, విసర్జించినదే ఇక్కడి తెల్ల ఇసుకలో చాలా భాగమని వివరించాను.

"అంటే ఏటి బావా, ఇంతసేపూ సేప పెంట మీద కూకున్నామా?"

వాడలా అనగానే అందరూ ఛీ అని లేచి ప్యాంట్లు దులుపుకున్నారు. ఆడవాళ్లు పిల్లల్ని ఇసుకలోంచి లాగేశారు. బీరు సీసాలు, పిల్లల డైపర్లు, నూనె కాగితాలు పక్కనే పడేసుకుని పొద్దుటినుంచీ కూర్చున్న మనుషులు, ఆ దీవిలో అన్నిటికన్నా శుభ్రమైన దాన్ని చూసి అసహ్యించుకున్నారు.

సాయంత్రం హోటలుకి చేరాక ఒక్కొక్కరే ఆమె గదికి వెళ్లారు. సంచిలో చోటుందా అక్కా అని అడిగి, గవ్వలు, కొమ్మలు, ఆ శంఖం ఇచ్చి వచ్చారు. మేనేజరు తన కొమ్మని హోటలు తువ్వాల్లో చుట్టి ఇచ్చాడు.

తెల్లారేసరికి ఆ గది వాసన వరండా అంతా పట్టింది. నీళ్లలోంచి తీసిన ప్రాణి కుళ్లకుండా ఎలా ఉంటుంది. కాఫీ దగ్గర ఆమె ముక్కు చిట్లించుకుని కూర్చుంది. తన బట్టలు, బైబిలు, పిల్లలకి కొన్న టీషర్టులు అన్నీ అదే కంపు కొడుతున్నాయనీ, రేవులో చేపల బజారు తెచ్చి తన సంచిలో పెట్టారనీ వాపోయింది. వాళ్లవి వాళ్లకి ఇచ్చెయ్యమ్మా, విమానం దగ్గర పట్టుకుంటే నీ మీదికి వస్తుందని చెప్పాను. ఆమె కాఫీ కప్పు కింద పెట్టి నా వంక చూసింది.

"మేనేజరు గారిది ఆయన సేతిలో ఎట్టి, మీదే మీరు మోసుకోండి అని సెప్పమంటారా? మార్చి ఇంక ఎన్నాళ్లుంది అన్నయ్యా?"

మేనేజరుతో నేనే మాట్లాడాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఎండలో పెడితే వాసన పోతుందిలెండి అన్నాడు.

విమానాశ్రయంలో నీలం సంచి మిషన్‌లోంచి బయటికి రాలేదు. ఇది ఎవరిదని అడిగారు. మా వాళ్లందరూ అప్పటికే అవతలికి చేరి బెల్టులు బిగించుకుంటున్నారు. ఆమె నాదేనంది. సంచి విప్పగానే, చేతికి తొడుగున్న ఆ సెక్యూరిటీ అమ్మాయి కూడా మొహం పక్కకి తిప్పుకుంది. బల్ల మీద ఒక్కొక్కటీ పరిచారు. తువ్వాలు విప్పితే నిన్న గోధుమరంగులో ఉన్న కొమ్మ బూడిదరంగుకి తిరిగి, దానిమీది జిగురు నల్లగా సాగుతోంది. శంఖంలోని పురుగు చచ్చి బయటికి వేలాడుతోంది.

ఆమె ఒక్కసారి తలెత్తి మా వాళ్ల వైపు చూసింది. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. మేనేజరు ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడుతున్నట్టు గాజు గోడ దాకా నడిచాడు. ఆ ఫోను తెర మీద వెలుగు లేదు, నేను చూశాను.

అటవీశాఖ ఆయన వచ్చాడు. ఇవన్నీ నువ్వే తీశావా అని హిందీలో అడిగాడు. ఇవి ఆమెవి కావు అని నేను అడ్డంపడి చెప్పబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"మీరు నోరెత్తకండన్నయ్యా. ఏడేళ్లు ఆగినాను. మీరిప్పుడు ఒక్క మాటతో పోగొట్టీకండి."

తరవాత ఆయన వైపు తిరిగి, వచ్చీరాని హిందీలో, నావే సార్, తెలీక తీశాను అంది. ఆయన చాలాసేపు మందలించాడు. ఆమె పేరు, ఊరు రాసుకున్నారు. ముక్కల పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. సంతకం పెట్టించుకుని, మళ్లీ ఇలా చేస్తే వదలమని చెప్పి పంపారు. మేమిద్దరం పరిగెత్తి విమానం ఎక్కేసరికి మా వాళ్లు జంతికలు పంచుకుంటున్నారు. ఆమె వచ్చి కూర్చుంటే వెనక సీట్లోంచి ఫిట్టరు ముందుకి వంగాడు. ధైర్యం చెబుతాడనుకున్నాను.

"అక్కా, నా శంఖం కూడా అట్టీసుకున్నారేటి?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. చెన్నైలో మారి విశాఖలో దిగాం. బ్యాగులొచ్చే బెల్టు దగ్గర మేనేజరు ఆమె పక్కకి వచ్చి, పెద్దమనసు చూపించావమ్మా, నీ సంగతి నేను చూసుకుంటానన్నాడు. ఆ నీలం సంచి మాత్రం వాసన వదలక పారేసిందట.

మార్చి వచ్చింది. ఇద్దరికి పర్మనెంటయింది. ఇద్దరూ ఆమె తరవాత చేరినవాళ్లే. ఆమె మేనేజరు గదిలోకి వెళ్లి వచ్చి, నా స్టోర్స్‌లో బోల్టుల పెట్టె మీద కూర్చుంది. ఏడవలేదు. ఆయన ఏమన్నాడో చెప్పింది. విమానాశ్రయంలో పట్టుబడిన మనిషిని పర్మనెంటు చేస్తే రేపు పైవాళ్లు నన్ను అడుగుతారు కదమ్మా అన్నాడట. ఆ సంగతి పైవాళ్లకి ఎవరు చెప్పారని అడిగితే, నేనే చెప్పాల్సొచ్చింది, దాచడం తప్పు కదా అన్నాడట.

పడవలో అంత వాంతి చూసినా నాకు ఇంత అసహ్యం వెయ్యలేదు.

ఏప్రిల్‌లో కొత్త మిషన్‌కి కొబ్బరికాయ కొట్టడానికి యజమాని వచ్చారు. ఆమె అప్పటికి ఉద్యోగంలో లేదు. అయినా చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుని వచ్చి మా అందరి మధ్యా నిలబడింది. పూజ అయ్యాక చేతుల్లో పులిహోర ఆకులతో ఉన్నాం. టూరు బాగా జరిగిందటగా అని యజమాని నవ్వుతూ అడిగారు. మేనేజరు నోరు తెరిచేలోపలే ఆమె మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నా సంచిలో దొరికినవి నావి కావు సార్. పెద్ద కొమ్మ మేనేజరు గారిది. ఉజ్జోగం కోసం నాను నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఉజ్జోగం లేదు, ఇంక మూసుకోడం ఎందుకు?"

మేనేజరు నవ్వాడు. బాధలో ఏదో అంటోంది పాపం అన్నాడు. ఇది నిజమేనా అని యజమాని మా వైపు తిరిగారు. నిజమే, నేను చూశానని చెప్పాను. ఆ తరవాత ఫిట్టరుని అడిగారు. వాడు ముందు మేనేజరు మొహం చూశాడు, పులిహోర మింగాడు, నాకు తెలీదండి అన్నాడు.

ఆమె వాడి వైపు జాలిగా తల ఊపింది.

"అదేటి తమ్ముడూ, శంఖం పోయిందని విమానంలో అంత బెంగెట్టుకున్నావు, దినం కూడా పెట్టీసినావనుకున్నాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పక్కవాడికి నవ్వాగలేదు. చివరికి అందరూ నవ్వారు. నిజం కాకపోతే అంత నవ్వు ఎందుకొస్తుంది. యజమాని నవ్వలేదు. మేనేజరుని గదిలోకి రమ్మని ముందు నడిచారు.

వారం తిరక్కుండా ఆమెకి పర్మనెంటు కాగితం వచ్చింది. మేనేజరుని ఏమీ అనలేదు, ఆయన కుర్చీ ఆయనకే ఉంది. కాగితం వచ్చిన రోజు ఆయనే మాడుగుల హల్వా తెప్పించి, బల్ల బల్లకీ తిరిగి పంచాడు. నీ సంగతి చూసుకుంటానని ఆ రోజే చెప్పాను కదమ్మా అన్నాడు. తలా ఒక మాట సాయం చేసినట్టు మా వాళ్లందరూ ఆమె చుట్టూ చేరి, పార్టీ ఎప్పుడని అడిగారు. ఫిట్టరు రెండోసారి చెయ్యి చాపాడు.

నా వాటా హల్వా కాగితంలో అలాగే ఉంది. దాన్ని చూస్తే ఆ తువ్వాలు విప్పినప్పటి జిగురు కళ్ల ముందు కదిలింది. కాగితంతో సహా చెత్తబుట్టలో వెయ్యబోతుంటే ఆమె చూసింది. తనది అప్పటికే తినేసి వేళ్లు తుడుచుకుంటోంది.

"తినండన్నయ్యా. హల్వా ఏటి పాపం సేసింది?"